బీరు దుకాణంలో మా ఇంటామె కాపలా

గోవాలో సముద్రం పక్కన కూర్చుని మూడు పెద్ద గ్లాసుల బీరు తాగానని, ఆ తర్వాత అలల్లో మెడలోతు దాకా నడిచి వచ్చానని ఆదోని టీ బంకు దగ్గర అందరికీ చెప్పాను. రాయబోతే మాత్రం చేయి అంత ధైర్యంగా సాగడం లేదు. తాగింది ఒక్క గ్లాసు, అదీ రుచి చూడమని ఇచ్చే బుల్లి గ్లాసు. అలలు నా పాదాలు తడిపాయి. అంతకు మించి లోపలికి పోయే ధైర్యం నాకు లేదు.

మేం పోయింది మనవరాలిని చూడటానికి. కొడుకూ కోడలూ ఏటా సుగ్గికని ఊరు విడిచి వలసగా గుంటూరు వైపు మిరప చేలకు కూలికి పోతుంటే, ఆ పిల్ల ఎమ్మిగనూరు దగ్గర మా పల్లెలో మా ఇంటామె చేతుల్లోనే పెరిగింది. పత్తి తీయడానికి పిల్లను కూడా పంపమని కూలీల మేస్త్రీ అడిగినప్పుడు, మా ఇంటామె చేట ఎత్తినంత పని చేసింది. ఆ పిల్ల పట్నంలో ఆహార పదార్థాల చదువేదో చదివింది. ఇప్పుడు గోవాలో, బీరు అక్కడే కాచి అక్కడే పోసే ఒక చిన్న బ్రూపబ్‌లో కాచే పని దానిదే.

ఈ సంగతి నాకు తెలుసు. వాళ్లవ్వకు, అదే మా ఇంటామెకు, ‘కంపెనీ’ అని తప్ప తెలియదు. చెప్పడానికి భయం. మా ఇంటామె తండ్రి సారా తాగి తాగి పోయిన మనిషి. ఒకప్పుడు ఊరి ఆడవాళ్లంతా సారా అంగడి మీదికి పోతే, అందరికంటే ముందు నడిచింది ఈమే. పక్కనే నేనూ ఉన్నానని చెప్పుకుంటుంటాను. ఉన్నాను, కాకపోతే కాస్త అవతల, గోడ చాటున.

మనవరాలు ఫోన్లో నాతో ఒకే మాట అంది. “నోటితో సెప్తే అవ్వకు సారా అంగడే కనపడతాది తాతా. వచ్చి సూడనీ. సూసి వద్దంటే ఆ పొద్దే మానేసి మీతో రైలెక్కుతా.” మాట గట్టిగానే అంది. ఆ పనంటే దానికెంత ప్రాణమో రోజూ ఫోన్లో వినేవాణ్ని నేను. అవ్వ మాట దాటదనీ నాకు తెలుసు. గుంతకల్లులో రైలెక్కింది మొదలు మా ఇంటామెతో బీరు మాట తప్ప అన్నీ మాట్లాడాను.

దుకాణం కొబ్బరి చెట్ల మధ్య ఉంది. పెంకుల కప్పు, కొన్ని బల్లలు, అద్దాల గోడ వెనక స్టీలు పీపాలు. ఆ పీపాలు మా పత్తి మిల్లు గోదాములంత ఉన్నాయని ఊళ్లో అన్నాను గానీ, మనిషి ఎత్తుకు కాస్త మించి ఉంటాయేమో. మేం వెనక వాకిలి వైపు నుంచి పోయేసరికి మనవరాలు రబ్బరు బూట్లేసుకుని, చెమటలు కారుతూ, ఉడికిన బార్లీ పిప్పిని పీపాలోంచి పారతో బయటికి లాగుతోంది. ఆవిరి పొగలు కక్కుతోంది.

నేను సారా మాట వస్తుందని కాచుకుని ఉన్నాను. మా ఇంటామె వేరే చోట పట్టుకుంది.

“నిన్ను సదివిచ్చింది పార పట్టేకా?”

పిల్ల బిత్తరపోయింది. మత్తు గురించి అడిగితే ఏం చెప్పాలో అది సిద్ధం చేసుకుంది గానీ, పార గురించి కాదు. అవ్వ దాని అరచేయి తెరిచి, కాయలు కాచిన చోట వేలితో తడిమి చూసింది. ఇవి మీ అమ్మ చేతులే అంది. కూలి పని కాదని, కాచినవాళ్లే పీపా కడుక్కోవాలని, ఇక్కడ తను చెప్పిందే జరుగుతుందని పిల్ల వివరించింది. బయట బోర్డు మీదున్న రాగుల బీరు తను ఆలోచించి కాచిందేనని కూడా చెప్పింది.

“సారాయేనా?” అంది అవ్వ.

బార్లీ నీళ్లు ఒంటికి మంచివని నేను అందుకోబోయాను. మా ఇంటామె నా వైపు తిరిగి కూడా చూడలేదు.

“సారా కాదవ్వా. అయితే మత్తుంటాది,” అంది పిల్ల.

“ఇది తాగి ఇంటికి పోయి పెండ్లాన్ని కొట్టేవాళ్లు ఉండారా?”

పిల్ల పారను గోడకు ఆనించింది. “తెలీదవ్వా. తాగి పోయినాంక వాళ్లను నేను సూసింది లేదు.”

“అయితే నేను సూస్తా.”

అంతే. ముందు వాకిలి పక్కన కుర్చీ లాక్కుని, కళ్లంలో జొన్నరాశికి కాపలా కూర్చున్నట్టు కూర్చుంది. నిమ్మకాయ సోడా తెప్పిస్తే వాసన చూసి మరీ తాగింది. పోయే ప్రతి మగవాడి నడక చూస్తోంది, పక్కనున్న ఆడమనిషి ముఖం చూస్తోంది. చాలామంది వచ్చినట్టే పోయారు. ఒక ముసలి విదేశీయుడు ఆమెను దుకాణం యజమానురాలు అనుకున్నాడేమో, తల వంచి దండం పెట్టాడు. ఈమె కూడా పెట్టింది. నేను నా బుల్లి గ్లాసు ముగించాను. ముందు చేదు, వెనక రాగుల వాసన.

పొద్దు వాలే వేళకు మూల బల్ల దగ్గర ఒకడి గొంతు లేచింది. హుబ్లీ వైపు మనిషి. దారి తప్పించిందని పెళ్లాన్ని కన్నడంలో తిట్టిందే తిడుతున్నాడు. ఆమె తల ఎత్తడం లేదు. ఆదోని సంతలో వారం వారం వినే భాషే కాబట్టి మా ఇద్దరికీ ప్రతి మాటా తెలుస్తోంది. వాడు ఇంకో గ్లాసు తెమ్మన్నాడు. అద్దాల వెనక మనవరాలు పని ఆపి నిలబడిపోయింది.

మా ఇంటామె లేచిపోయి వాడి గ్లాసు మీద చెయ్యి పెట్టింది. “సాకప్పా,” అంది, చాలు నాయనా అని. నేనూ లేచి ఆమెకు అండగా నిలబడ్డానని టీ బంకు దగ్గర చెప్పాను. లేవలేదు. ఖాళీ గ్లాసు పట్టుకుని కూర్చునే ఉన్నాను.

వాడు ఎర్రటి కళ్లతో పైకి చూసి, నువ్వెవరని అడిగాడు. ఆమె అద్దాల వైపు చెయ్యి చూపించి, తనకొచ్చిన కన్నడంలోనే చెప్పింది. ఇది కాచింది నా మనవరాలు, దానికి చెడ్డపేరు తేవద్దు అని.

వాడు క్షమించమనలేదు. కాసేపు గ్లాసునే చూసి, మంచినీళ్లు అడిగాడు. పోయేటప్పుడు స్కూటర్ పెళ్లాం నడిపింది, వాడు వెనక కూర్చున్నాడు.

మనవరాలు బూట్లతోనే బయటికొచ్చి అవ్వ ముందు నిలబడింది. వద్దంటే రైలెక్కుతానన్న దాని మాట నాకు గుర్తొచ్చింది.

“కాసేది ఒక్కటే సాలదు,” అంది అవ్వ. “పోసేకాడ గూడా నిలబడాల నువ్వు. సాలు అని సెప్పేవాళ్లు ఈడ ఒక్కరూ లేరు.”

“అందరూ ఇనరవ్వా.”

“ఇనకపోతే పొయ్యొద్దు.”

పిల్ల చేతులు తుడుచుకుని, ఇంకో గ్లాసు కోసం చెయ్యెత్తిన బల్ల దగ్గరికి పోయింది. వంగి ఏదో చెప్పింది. అలల చప్పుడులో నాకు వినపడలేదు. ఆ మనిషి గ్లాసు బోర్లించి పెట్టాడు. బోర్లించాడని అనేశాను గానీ, పక్కకు జరిపాడు, అంతే. మా ఇంటామెకు అది సరిపోయింది. మరునాడు రైలెక్కింది మేమిద్దరమే.