అయ్యుండొచ్చు డాక్టరు

ఎవరైనా కళ్లద్దాలు తుడుచుకుంటుంటే నాకు ధూల్‌పేటలో మా గల్లీ డాక్టరుగారు గుర్తొస్తారు. కోస్తా నుంచి వచ్చి మా దగ్గర దవాఖానా పెట్టుకున్న మనిషి. ఏ రోగాన్నీ గట్టిగా చెప్పేవారు కాదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ, "టైఫాయిడ్ అయ్యుండొచ్చండీ," "కామెర్లు అయ్యుండొచ్చండీ" అనేవారు. గల్లీ అంతా ఆయనను 'అయ్యుండొచ్చు డాక్టరు' అనే పిలిచేది.

వినాయకుడి బొమ్మలు చేసే మా బాపుకు ఆ తీరు అస్సలు నచ్చేది కాదు. తన దగ్గుకు మందు తెచ్చుకున్నప్పుడల్లా విసుక్కునేవాడు. "పక్కా చెప్పనోడు ఏం డాక్టర్‌రా?"

ఒక ఏడాది చవితి ముందు బొమ్మలకు రంగులు వేస్తూ వేస్తూ బాపు నెత్తురు కక్కాడు. పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించి, ఎక్స్‌రే పట్టుకుని దవాఖానాకు తీసుకెళ్లాం. డాక్టరుగారు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు. కళ్లద్దాలు తీయలేదు.

"క్యాన్సరేనమ్మా. రెండు ఊపిరితిత్తులకూ పాకింది. ఇక మందు లేదు."

అమ్మ ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. "సారూ, ఎప్పటి లెక్కనే చెప్పు. అయ్యుండొచ్చు అను సారూ."

ఆయన చెయ్యి కళ్లద్దాల దాకా వెళ్లి ఆగింది. మళ్లీ మెల్లగా కిందికి దిగిపోయింది.

బాపు అమ్మ భుజం పట్టుకుని లేపాడు.

"ఊకోయే. సారు ఇయ్యాల పక్కా చెప్పిండు."