జుట్టు మాత్రలు

నా చిన్నప్పుడు, పద్నాలుగో ఏట, మా అత్త చేత ఒక అబద్ధం ఆడించాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో నడినెత్తిన జుట్టు పీక్కునేదాన్ని. చదువుకుంటుంటే చెయ్యి దానంతటదే పైకి పోయేది. వద్దనుకుంటూనే ఒక్కొక్క వెంట్రుకా లాగేదాన్ని. రూపాయి బిళ్లంత ఉన్న బోడి మచ్చ అరచెయ్యంత అయింది. అమ్మ పేనుకొరుకుడనుకొని ఉల్లిరసం రుద్దేది.

నా పుస్తకాల మధ్య వెంట్రుకలు చూసి అసలు సంగతి కనిపెట్టింది మా నాన్న చెల్లెలైన ఈ అత్త ఒక్కతే. తిట్టలేదు. కదిర్కామంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె దిగులు జబ్బుకు వాడే మాత్రలు రాసింది. అవి అందరికీ పనిచేయవనీ, చేతిని మళ్లించే అభ్యాసం కూడా కావాలనీ ముందే చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్త కొంగు పట్టుకొని, ఇంట్లో జుట్టు మొలిచే మాత్రలని చెప్పమని బతిమాలాను. పిచ్చిదన్న పేరు వస్తుందని నా భయం. చివరికి ఆమె సరేనంది.

కొన్ని నెలలకు నూగులా జుట్టు వచ్చింది. అమ్మ మురిసిపోయి, ఖాళీ మాత్రల అట్ట, జుట్టు రాలిపోతోందని బాధపడే పక్కింటి అక్కకు ఇచ్చింది. అక్క దాన్ని మందుల కొట్లో చూపించి, సాయంత్రానికి తిరిగొచ్చింది.

"జుట్టుకు మాత్రలడిగితే మనసు జబ్బు మాత్రలు ఇస్తివే పిన్నమ్మా! నాకేమన్నా తల చెడిందనుకుంటివా ఏంది?" అని నవ్వింది.

అమ్మ నవ్వలేదు. అత్తను పిలిపించింది.

"నా బిడ్డకు పిచ్చి మాత్రలు మింగిస్తివా? నీకెవరు చెప్పినారు?"

అత్త ఒక్కసారి నావైపు చూసింది. నేను పుస్తకంలోకి తల దించుకున్నాను.

"నేనే దాచినాను వదినా. పాపకేమీ తెలీదు," అంది.

మాత్రలు ఆగిపోయాయి. రెండు నెలల్లో నెత్తి మళ్లీ బోడిదయింది. అత్త మళ్లీ మా గడప తొక్కలేదు. కాలేజీలో చేరాక నేనే డాక్టరమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. ఇప్పుడు మందు వేసుకుంటున్నాను. చెయ్యి అప్పుడప్పుడు పైకి పోతూనే ఉంటుంది. అమ్మకు నిజం చెప్పే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు. ఆ సాయంత్రం వాకిట్లో చెప్పులు వేసుకుంటూ అత్త నాతో అన్న మాటే నాకు మిగిలింది:

"పెద్దయినాక నువ్వే పో పాపా డాక్టరమ్మ కాడికి. అబద్ధం చెప్పే తోడు నీకొద్దు."