కలరా ఉండల వాసన

పంతొమ్మిదేళ్లుగా ఒక్క మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. "లేదే" అన్న మాట. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు జ్వరానికి ఏదో మాత్ర వేస్తే మూత్రం నల్లగా వచ్చింది, ఒళ్లు పచ్చబడింది. రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. పుట్టుకతోనే వాడి రక్తంలో ఒక చిన్న తేడా ఉందట. మామూలుగా ఏమీ కాదు. కొన్ని మాత్రలు పడినా, బట్టల్లో పెట్టే కలరా ఉండల వాసన తగిలినా రక్తకణాలు పగిలిపోతాయి. తల్లి నుంచి కొడుక్కి వస్తుంది. మీ చెల్లెలికి కొడుకు పుడితే వాడికీ ఉండొచ్చు, చెప్పండి అని చీటీ రాసిచ్చింది.

ఇంటికొచ్చి కలరా ఉండలన్నీ ఏరి పారేశాను. చీటీని మాత్రం చీరల అడుగున దాచాను. నా వల్లే వచ్చిందని అత్తగారు అంటుందని భయం. వాడు కోలుకున్నాడు కదా, ఇంక ఎవరికి చెప్పాలి అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నాను!

మరుసటి ఏడు చెల్లెలికి ఆడపిల్లల తర్వాత కొడుకు పుట్టాడు. మా వైపు పురుడు వెళ్లేదాకా పసిగుడ్డుకు కొత్త బట్ట తొడగరు, ఇంట్లో పెరిగిన పిల్లల పాతవే వేస్తారు. రెజిమెంటల్ బజార్‌లోని మా పుట్టింట్లో అమ్మ రేకు పెట్టె తెరిచి, మా వాడి చొక్కాలు నా చేతికిచ్చింది. గుప్పున వాసన. వద్దంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చీటీ సంగతి చెప్పాలి. రెండుసార్లు దులిపి, కాసేపు ఎండలో వేసి, నా చేతులతోనే తొడిగాను. మరిచిపోయానా? ఇన్నేళ్లూ మరిచిపోయాననే నాకు నేను చెప్పుకున్నాను, కానీ మరిచిపోయినదాన్నైతే ఎండలో ఎందుకు వేస్తాను?

మూడోరోజుకి పసుపు పూసినట్టయ్యాడు. పసికామెర్లే కదా అన్నారందరూ. నేనూ తలాడించాను. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. బయట బల్ల మీద చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, డాక్టర్ అడుగుతుండు. మనింట్ల ఎవరికన్న గిట్ల అయిందా?"

"లేదే. నువ్వు పరేషాన్ గాకు."

వాడు బతికాడు, కానీ కామెర్లు మెదడుకెక్కాయి. చెవులు వినిపించవు, మెడ సరిగ్గా నిలవదు. గ్రహణం నాడు కడుపుతో బయటికొచ్చాను, తప్పు నాదే అని చెల్లెలు ఏడ్చేది. ఏడ్చినప్పుడల్లా ఓదార్చింది నేనే. అంతకంటే పాపం ఉంటుందా?

మొన్న ఉదయం మౌలాలి నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. దాని పెద్దకూతురికి ఇప్పుడు ఎనిమిదో నెల. పాతబట్టలేమైనా ఉంటే పెట్టెలోంచి తీసి ఉంచమంది.

అప్పుడు చెప్పాను. ఉందే, మనింట్లో ఉంది, నా కొడుక్కే ఉంది, నాకు ముందే తెలుసు అని. చీటీ, చొక్కాలు, అన్నీ చెప్పాను. అది ఫోన్ పెట్టెయ్యలేదు. దాని కొడుకు కంచాన్ని నేలకేసి కొడుతున్న చప్పుడు వినిపించింది, వాడికే వినపడని చప్పుడు.

కూతుర్ని రక్తపరీక్షకు తీసుకెళ్లిందని అమ్మ చెప్పింది. నాకు మాత్రం మళ్లీ ఫోన్ చేయలేదు. చేయమని అడిగే ముఖం నాకు లేదు. గొంతు తేలికైంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.