చెంచమ్మ విన్న మూడో దెబ్బ

మార్కాపురంలో ఆ పలకల షెడ్డులోంచి చెంచమ్మ సరేననకుండా ఒక్క బండ కూడా లారీ ఎక్కదు. చిన్న సుత్తితో ఒక దెబ్బ వేస్తుంది, తల కొంచెం పక్కకు వంచుతుంది. ఖంగుమంటే మంచి రాయి. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులుందన్నమాట. దాని మీద సుద్దముక్కతో ఇంటూ మార్కు గీసి పక్కన పడేస్తుంది. అక్షరాలు రావు గానీ అంకెలూ ఆ ఇంటూ మార్కూ వచ్చు. ఊరూరికీ పలకలు పంపిన ఊళ్లో పుట్టి అక్షరం ముక్క రాకపోవడమేమిటని ఎవరైనా వేళాకోళమాడితే, "నేను గీసిన మార్కును తప్పని చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదులే" అంటుంది. నిజమే, పుట్టలేదు.

ఆ చెవి ఆమెకు తాత దగ్గర్నుంచి వచ్చింది. గొర్రెలు కాసుకునే ఆ ముసలాయన పడుచువాడుగా ఉన్నప్పుడు, యుద్ధం రోజుల్లో, దొనకొండలో విమానాలు దిగే మైదానం వేస్తుంటే మట్టి మోయడానికి పోయాడు. దొరలు వెళ్లిపోతూ తవ్విన గోతులు పైపైన పూడ్చి రాళ్లు పరిచారట. "మనుషులకు తెలియకపాయె గానీ పాపా, ఆడికి పోతానే గొర్రెల డెక్కల చప్పుడు మారేది" అని చెప్పేవాడు. ఆ మాట విన్న నాటి నుంచి చెంచమ్మ కనపడిన రాయినల్లా తట్టి వినేది.

ఇంత చెవి ఉన్న మనిషికి మొగుడు మాత్రం చెవిటివాడయ్యాడు. కాటమరాజు ఇరవై ఏళ్లు రాతిగనుల్లో మందు పేల్చాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి, గాలి లేని చోట, గట్టిగా అరిస్తే అందుతుంది. ఈ సంగతి పెళ్లానికి తప్ప ఎవరికీ తెలియదు. ఎవరేమన్నా "సరే సరే" అనేస్తాడు. పదేళ్లుగా ఆ రెండు మాటలతోనే నెట్టుకొస్తున్నాడు. చెవులు లేవని తెలిస్తే రాతిపనికి ఎవరు పెట్టుకుంటారు?

రెండు నెలల క్రితం, చెంచమ్మకు తమ్ముడి వరసయ్యే ఏబేలుతో కలిపి ఎనిమిది మందిని వెంటేసుకుని విశాఖ వైపు, సముద్రం ఒడ్డు కొండ మీద పనికి వెళ్లాడు. జపాను విమానాలు వచ్చిన కాలంలో ఆ కొండ నెత్తిన ఫిరంగులు పెట్టి సముద్రానికి కాపలా కాశారట. ఇప్పుడు ఆ ఫిరంగుల అరుగు చూడ్డానికి జనం వస్తారని దారిపొడుగునా మార్కాపురం రాయి పరుస్తున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ చెంచమ్మకు మనసు మనసులో లేదు. ఫిరంగులున్న చోట గుండ్లు దాచుకునే గదులు కూడా ఉంటాయి కదా. ఆ గదులేమయ్యాయి?

ఆ రోజు పొద్దున పదింటికి ఫోను మోగింది. పని వేళప్పుడు కాటమరాజు ఎన్నడూ చేయడు.

"ఏమే, ఇను. గాలి తగలని మూలకొచ్చి చేస్తాండా. అరుగు మింద మూడు చోట్ల బండను కొట్టి చూసినా. ఒక చోట చేతికి తేడా తగిలినట్టుంది. ఏ చోటో తెలియట్లా. పదకొండుకు డ్రిల్లింగ్ మిషన్ పెడతారంట. మన ఏబేలు వాళ్లంతా ఆ అరుగు కిందనే మట్టి తీస్తాండారు."

"ఇంజనీరుకు చెప్పినావా?" అని అరిచింది, షెడ్డంతా తిరిగి చూసేలా.

"చెప్పినా. కాగితాల్లో ఏం లేదంటాడు. గట్టిగా అందామంటే, ఏ చోటు, కొట్టి చూపించు అంటాడు. నేనేం వినేది, ఏం చూపించేది?"

ఫోను రాతికి ఆనించి కొట్టమంది. ఏమీ వినపడలేదు. ఈ దిక్కుమాలిన ఫోన్లు మాటను మోస్తాయి గానీ చప్పుడును మింగేస్తాయి. "మూడు చోట్లా వరసగా కొట్టి, రికార్డు చేసి వాట్సాపులో పంపు!" అని రెండుసార్లు అరిచింది. అందింది కాబోలు, పదీ ఇరవైకి వచ్చింది.

షెడ్డులో కోత మిషన్ల రొద. చెంచమ్మ లేచి వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేసింది. గుమాస్తా కొండలరావు పరుగెత్తుకొచ్చాడు.

"ఏందక్కా ఇది?"

"మాట్లాడొద్దు. మా ఆయన కొండ మింద ఉండాడు."

ఆమె మొహం చూసి అతను మిగతావాళ్లను కూడా ఊరుకోమని సైగ చేశాడు.

మొదటి దెబ్బ ఖంగుమంది. రెండోదీ ఖంగుమంది, వెనక సముద్రపు గాలి హోరు. మూడోదీ అంతే. చెంచమ్మ గుండె కుదుటపడబోయింది. అయినా అలవాటు కొద్దీ మళ్లీ పెట్టింది. మళ్లీ పెట్టింది. నాలుగోసారి వినపడింది. మూడో దెబ్బ పడ్డాక, ఒక్క క్షణం ఆగి, ఎక్కడో లోతున సన్నగా ఏదో రాలింది, జల్లెడలోంచి ఇసుక జారినట్టు. రాయి గట్టిదే. ఆ రాతి కింద మాత్రం ఏమీ లేదు.

వెంటనే ఫోను చేసింది. ఎత్తాడు. అటు నుంచి ఒకటే గాలి హోరు.

"మూడోది! మూడో చోటు గుల్ల! అందర్నీ బయటికి రమ్మను!"

"సరే సరే" అన్నాడు.

"నేనేమన్నా? చెప్పు!"

"సరే సరే."

పక్కన ఇంజనీరు నిలబడి ఉంటాడు. వినపడలేదని అనడు, చచ్చినా అనడు. ఫోను పెట్టేశాడు. వీడియో కలపబోతే కలవలేదు. మిగతావాళ్ల నంబర్లు ఎన్నడూ అడిగి పెట్టుకోలేదు. అందుకు తన్ను తానే తిట్టుకుంది. కొండలరావు తను రాసి పంపుతానన్నాడు. రాస్తే మాత్రం చదివేదెవరు? కాటమరాజుదీ ఆమె చదువే.

అప్పుడు ఎదురుగా ఉన్న నల్లబండను లాక్కుంది. సుద్దముక్కతో దాని నిండా 3 వేసింది. పక్కన పెద్ద ఇంటూ మార్కు గీసింది. ఫోటో తీసి పంపింది.

ఒక టిక్కే పడింది. పదీ నలభై. రెండో టిక్కు పడలేదు. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది, తర్వాత తిట్టింది. పదీ యాభైకి రెండో టిక్కు వచ్చింది. పదీ యాభై మూడుకు రెండూ నీలమయ్యాయి. చూశాడు!

ఆ తర్వాత ఏమీ లేదు. పదకొండయింది. పదకొండున్నరయింది. చేస్తే స్విచాఫ్. షెడ్డులో మిషన్లు ఎవరూ వేయలేదు. వేద్దామని కొండలరావు కూడా అనలేదు.

పన్నెండుంబావుకు ఏదో కొత్త నంబరు మోగింది. "అక్కా, నేను ఏబేలుని." "అందరం బాగుండాం. బావ ఫోను చార్జింగు అయిపోయింది, అందుకే."

"మిషను?"

"బావ పోయి దాని ముందర కూలబడినాడక్కా. ఇంజనీరు ఎంత అరిసినా లేయలా. నీకు వినపడదా అని అడిగితే, 'వినపడదు సార్, పదేండ్లయింది. నా పెండ్లాం ఇని చెప్పినాది' అన్నాడు, అందరి ముందర. మమ్మల్ని పైకి పిలిపించి, మూడో చోట గడ్డపారతో పొడిపించినారు. బండ లోపలికి పోయింది. కింద పెద్ద గది. మేం మట్టి తీస్తాండిన గోడ కూడా దాంట్లోకే కూలిపోయినాది."

చెంచమ్మ బండ మీద చతికిలపడింది. "ఆయనను ఏమన్నారు?"

"చెవులు లేనోన్ని కొండ మింద పెట్టుకోరంట. పంపించేస్తాండారు. రేపు పొద్దున మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగుతాడు. ఇదో, మాట్లాడు."

"ఏమే, పని పోయిందే" అన్నాడు కాటమరాజు, తప్పు చేసినవాడిలా.

పోతే పోనీ, నువ్వు రా అందామనుకుంది. పొద్దున్నుంచి బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా ఏడుపై వచ్చింది. ఎలాగూ అతనికి వినపడదు కదా అని, ఫోను చెవికి పెట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చింది.

"సరే సరే" అన్నాడు కాటమరాజు.