మూరెడు ఎడమ, జానెడు వెనక

కపెంబ్వా సాకు చెప్పకుండా బంతి వేసిన రోజు గనుల ఊరు లువాన్ష్యాలోని బౌల్స్ క్లబ్బులో ఒక్కటంటే ఒక్కటే ఉంది. ఆ రోజు కొంప మునిగింది కూడా.

బంతి తప్పితే సాకు చెప్పేవాళ్ళు లోకంలో కోకొల్లలు. కపెంబ్వా గొప్పతనం ఏమిటంటే, బంతి సరిగ్గా పడినా సాకు చెప్పేవాడు. ముప్ఫై గజాల దూరం నుంచి దొర్లించిన బంతి ఆ చివరనున్న జాక్ అనే చిన్న తెల్ల బంతిని ఆనుకోబోయి ఆగిందనుకోండి, అందరూ చప్పట్లు కొడతారు. కపెంబ్వా మాత్రం రెండు చేతులూ పైకెత్తి గ్రీన్ అనే ఆ పచ్చికంతా వినపడేలా అరిచేవాడు.

"నా తప్పు కాదు! చర్చిలో పాట ఎత్తుకున్నారు, చెయ్యి అదిరింది. లేకపోతే జాక్‌కి కుడి పక్కన, బెత్తెడు దూరంలో, సరిగ్గా పక్కనే ఎందుకు కూచుంటుందీ బంతి?"

"అక్కడే కదయ్యా కూచోవలసింది!" అని అరిచేది లోంబే మేడమ్.

లోంబే మేడమ్ క్లబ్బుకి కెప్టెన్. అంతకు ముందు ముప్ఫై ఒక్క ఏళ్ళు బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ వినని సాకు లేదు. మేక పుస్తకం నమిలేసింది, వాన దారి మింగేసింది. ఒక కుర్రాడికైతే నలుగురు తాతయ్యలు ఉండేవారు, నలుగురూ పరీక్షల వారంలోనే పోయారు. ఇక జన్మలో సాకు అనే మాట వినకూడదనే ఆవిడ రిటైరయ్యాక ఈ పచ్చటి గడ్డి మీదికి వచ్చింది. వచ్చి చూస్తే జట్టులో మొదటి ఆటగాడు కపెంబ్వా.

ముగ్గురి జట్టు అది. ముందు కపెంబ్వా మూడు బంతులు వేస్తాడు, తరవాత మసేకో మూడు, ఆఖర్న కెప్టెన్ మూడు. రెండు జట్ల బంతులూ అయిపోతే ఒక విడత, అందులో ఎదుటివాళ్ళకంటే జాక్‌కి దగ్గరగా ఉన్న ప్రతి బంతికీ ఒక పాయింటు. తన వంతు వచ్చేదాకా కెప్టెన్ జాక్ దగ్గర నిలబడి ఎటు వెయ్యాలో చేత్తో చూపిస్తుంది. బౌల్స్ బంతికి ఒక పక్క బరువెక్కువ. అత్తారింట్లో అలిగిన అల్లుడిలా నేరుగా పోదు, వంపు తిరిగి పోతుంది. అందుకే చెయ్యి చూపించడం ముఖ్యం. కపెంబ్వా చూసేవాడు. మసేకో మాత్రం చూసేవాడు కాదు.

"చెయ్యి చూడవేం మసేకో?"

"మీ చెయ్యి చూస్తే మా హెడ్‌మాస్టరు బెత్తం గుర్తొస్తుంది మేడమ్. చూడకపోతేనే బాగా ఆడతాను."

నిజంగానే బాగా ఆడేవాడు. అందుకని ఆవిడ ఊరుకునేది.

మంగళవారం, గురువారం సాయంత్రాలు సాధన. కపెంబ్వా సాకులకు ఆ రెండు రోజులూ పండగ. ఉసిళ్ళు లేచాయి కాబట్టి బారెడు వెనకే ఆగింది. మధ్యాహ్నం మొక్కజొన్న పిండి న్షిమా ముద్ద ఒకటి ఎక్కువైంది కాబట్టి అడుగు ముందుకుపోయింది. రెండు వీధుల అవతల వాళ్ళావిడ దగ్గింది కాబట్టి మూరెడు ఎడమకు వెళ్ళింది. తన బంతితో సరిపెట్టేవాడా అంటే అదీ లేదు, ఎదుటి జట్టు బంతికీ ఈయనే సాకు చెప్పేవాడు.

"పాపం, వాళ్ళ బంతి చూడు బావా! కొత్త బూట్లు కరుస్తున్నట్టున్నాయి ఆయనకి. జాక్‌కి ముందు, నట్టనడిమిన, జానెడు దూరంలో గోడలా కూచుంది. మనం ఎడమ వైపు నుంచి తిరిగి రావాల్సిందే."

"కోతుల్ని తినేవాడికి ఇన్ని తెలివితేటలా!" అనేవాడు మసేకో.

"ఎలకల్ని తినేవాడికి ఇన్ని మాటలా!" అనేవాడు కపెంబ్వా.

మసేకో న్గోనీ, కపెంబ్వా బెంబా. తాతల నాడు కత్తులు దూసుకున్న ఆ రెండు తెగలవాళ్ళకీ ఇప్పుడు బావామరుదుల వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, చావింట్లో కూడా వేళాకోళాలాడుకోవచ్చు. ఈ ఇద్దరికీ గని నాటి స్నేహం వేరే ఉంది. మసేకో ఇరవై ఆరేళ్ళు భూమి లోపల రాయి తొలిచాడు. కపెంబ్వా పైన కూర్చుని, మనుషుల్ని లోపలికి దించి పైకి లాగే ఇనప పంజరాన్ని నడిపాడు.

ఆ ఏడు ఫైనల్‌కి చింగోలా ఊరి జట్టు వస్తోంది. తొమ్మిదేళ్ళ తరవాత లువాన్ష్యా ఫైనల్ చేరింది. ముందు రోజు సాయంత్రం లోంబే మేడమ్ కపెంబ్వాని టీ బల్ల దగ్గరికి పిలిచింది.

"బాషి చోలా," అంది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు. చోలా వాళ్ళ నాన్న అనే పిలుస్తారు. "రేపు ఊరంతా వస్తుంది. చింగోలా వాళ్ళ ముందు మన పరువు పోకూడదు. రేపు నీ నోటినుంచి ఒక్క సాకు రాకూడదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"బంతి మీద పిట్ట వాలితే?"

"వాలనీ."

"మేడమ్, చిన్నది, ముక్కులోంచి చెప్పేది..."

"సాకు వినపడ్డ మరుక్షణం నీ బదులు మీ ఆవిడ ఆడుతుంది."

వేరుసెనక్కాయలు ఉడకబెడుతున్న అతని భార్య బానా చోలా, అంటే చోలా వాళ్ళమ్మ, గరిట పైకెత్తి "నేను సిద్ధం మేడమ్!" అంది. కపెంబ్వా మసేకో వైపు చూశాడు. మసేకో టోపీ సర్దుకుని గడ్డి వైపు చూశాడు. నవ్వలేదు. ఇద్దరూ అలా మాటా పలుకూ లేకుండా ఉండడం ఏమిటని ఆవిడకి అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

మర్నాడు ఎండ బాగా కాసింది. తెల్లబట్టల్లో ఆటగాళ్ళు, గట్టు మీద రంగురంగుల చిటెంగే గుడ్డల్లో ఆడవాళ్ళు, పెళ్ళిలా ఉంది. కపెంబ్వా మొదటి బంతి వేశాడు. నోరు తెరిచాడు. మేడమ్ చూసింది. నోరు మూశాడు. ఉడుకుతున్న కుండ మీద మూత నొక్కి పట్టినట్టుంది అతని మొహం. రెండో బంతికి దగ్గాడు. ఒకసారి కాదు, లెక్కపెట్టినట్టు మూడుసార్లు.

"దగ్గు కూడా సాకే!" అని అరిచింది మేడమ్ ఆ చివర్నుంచి.

అంతే, కపెంబ్వా నిలబెట్టిన రాయయ్యాడు. మసేకో బంతి వేసేచోట పరిచిన చాప మీదికొచ్చాడు. మొదటి బంతి పక్క వరసలో ఆడుతున్నవాళ్ళ మధ్యకి దూరింది. రెండోది సగం దారిలో నిద్రపోయింది. మూడోది చివరనున్న గాడిలో పడింది. పై విడతలోనూ అదే వరస. ఆరు విడతలయ్యేసరికి లువాన్ష్యాకి రెండు, చింగోలాకి పదకొండు.

"మసేకో! నా చెయ్యి చూడు! ఇటు!" అని లోంబే మేడమ్ జాక్ పక్కన నిలబడి చెయ్యి ఊపింది.

"అలాగే మేడమ్!" అని మసేకో వినయంగా తలూపాడు.

ఆవిడకి కాదు ఊపింది. ఆవిడకి మూడు బారల అవతల గట్టు మీదున్న గుంజకి ఎవరో చింగోలా ఆసామి తన తెల్ల టోపీ తగిలించి పోయాడు. ఆ టోపీకి ఊపాడు. ఊపి, సూటిగా ఆ టోపీ వైపే బంతి వేశాడు. గట్టు మీద జనం గొల్లుమన్నారు. లోంబే మేడమ్ నవ్వలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

టీ విరామంలో ఇద్దర్నీ గడ్డి కోసే యంత్రం పెట్టే గది వెనక్కి తీసుకెళ్ళింది.

"ఎన్నాళ్ళయింది?"

"దేనికి మేడమ్?" అన్నాడు కపెంబ్వా. "ఎండ గట్టిగా ఉంది కదా, అందుకని టోపీ..."

"ఇక చాలు బావా," అన్నాడు మసేకో. "మూడు వానాకాలాలైంది మేడమ్. మనిషి దగ్గరికొస్తే పోలుస్తాను. పది అడుగులు దాటితే అంతా పొగ, అందులో తెల్లటి మరకలు. జాక్ ఎక్కడుందో దేవుడికి తెలియాలి, మా బావకి తెలియాలి."

లోంబే మేడమ్ చెవుల్లో మూడేళ్ళ అరుపులన్నీ ఒక్కసారి గింగిరాలు తిరిగాయి. బెత్తెడు కుడి. మూరెడు ఎడమ. ముందు, నట్టనడిమిన, జానెడు దూరంలో గోడలా. సాకు ఎంత వింతగా ఉన్నా కొలత ఒక్కసారీ తప్పలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీసేస్తారు," అన్నాడు మసేకో. "ఆట పోతే నాకింక ఏముంది మేడమ్? ఇంట్లో కూచుని గోడ వైపు చూడాలి. అదీ కనపడదు."

"మరి నీ సాకులన్నీ ఇందుకేనా?" అని కపెంబ్వాని అడిగింది.

కపెంబ్వా సిగ్గుపడ్డాడు. "అబద్ధం ఎందుకు మేడమ్, సాకులు నాకు పుట్టుకతో వచ్చినవే. మా ఆవిడనడగండి. కొలతలే కొత్తగా చేర్చాను. ఊరికే 'మూరెడు ఎడమ' అని అరిస్తే ఎందుకంటారు. నేను సాకు చెబితే ఎవరికీ అనుమానం రాదు కదా."

"ఇరవై ఆరేళ్ళు నన్ను చీకట్లోకి దించింది వీడే," అన్నాడు మసేకో. "దించిన ప్రతిసారీ పైకి తెచ్చాడు. వీడి మాట మీద బంతి వెయ్యడం నాకేం కష్టం?"

లోంబే మేడమ్ కాసేపు చేతిరుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి. బెత్తం పట్టుకుని ముప్ఫై ఒక్క ఏళ్ళు సాకుల్ని తరిమిన తను, అసలు వినవలసిన ఒక్కదాని నోరే నొక్కేసిందే అనిపించింది.

"బాషి చోలా, పద. వెళ్ళి సాకులు చెప్పు."

"పెద్దవా, చిన్నవా?"

"పొడుగ్గా చెప్పు. ఏ వివరం వదలకు. చింగోలాలో ఉన్నవాళ్ళకి కూడా వినపడాలి."

ఇక చూడాలి కపెంబ్వాని! ఆరు విడతల నుంచి దాచుకున్నదంతా ఒక్కసారి వదిలాడు. సూర్యుడు తుమ్మించాడు, కాబట్టి జాక్ ముందు జానెడు. గడ్డి పగబట్టింది, కాబట్టి కుడి వైపు అడుగున్నర. పెళ్ళినాడు మావగారు ఇస్తానన్న కోడి ఇవ్వలేదు, ఆ దిగులుతో భుజం వంగి ఎడమకి బారెడు. ఆ కోడి సంగతి వినగానే మసేకో వేసిన బంతి వంపు తిరిగి, చింగోలా బంతుల్ని చుట్టి వచ్చి జాక్‌ని పలకరించింది. గట్టు ఊగిపోయింది.

చింగోలా కెప్టెన్ ముబాంగా, లోంబే మేడమ్ పక్కనే నిలబడి ఉన్నాడు. చెవి దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు. "మీవాడికి ఒంట్లో బాగానే ఉందా మేడమ్?"

"ఇప్పుడే బాగుపడిందండీ."

రెండు, పదకొండు కాస్తా ఏడు, పన్నెండు అయింది. పన్నెండు, పదమూడు అయింది. ఆఖరి విడతలో లువాన్ష్యా రెండు బంతులు జాక్‌కి దగ్గరగా ఉండగా, ముబాంగా తన చివరి బంతితో ఒకదాన్ని పక్కకి నెట్టేశాడు. పదిహేను, పదహారు. ఒక్క పాయింటుతో ఫైనల్ పోయింది.

క్లబ్బు యావత్తూ కపెంబ్వా చుట్టూ మూగింది. ఇంత పెద్ద ఓటమికి ఎంత పెద్ద సాకు వస్తుందో వినాలని అందరికీ ఆత్రం. కపెంబ్వా టోపీ తీశాడు.

"వాళ్ళు మనకంటే బాగా ఆడారు," అన్నాడు.

"అయ్యో, జ్వరమేమో చూడండమ్మా!" అందొక ముసలావిడ. బానా చోలా పరుగున వచ్చి మొగుడి నుదుటి మీద చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మసేకోనే లేచి, బల్ల పట్టుకుని నిలబడి, తన కళ్ళ సంగతి అందరికీ చెప్పేశాడు. ముబాంగా లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుని, "నా మీద అంత బాగా ఆడింది మీరు చూడకుండానా?" అని చాలాసేపు వదల్లేదు.

కానీ మరుసటి మంగళవారం కమిటీలో ఒకాయన సణిగాడు. "జాలి వేరు, జట్టు వేరు. కళ్ళు కనపడనివాడు ఫైనల్ ఆడడమేమిటి?"

లోంబే మేడమ్ సంచిలోంచి చిటెంగే గుడ్డ తీసి ఆయన కళ్ళకి కట్టింది. "మసేకో వేసినట్టు ఒక్కటి వెయ్యి, తీసేద్దాం." ఆయన వేశాడు. బంతి గ్రీను మీదికి వెళ్ళనే లేదు. టీ బల్ల కిందికి దొర్లి కెటిల్‌ని పడగొట్టింది. ఆ తరవాత కమిటీ అంతా వరసగా కళ్ళకి గుడ్డ కట్టించుకుంది. కడుపుబ్బ నవ్వి, పచ్చికంతా బంతులు పారేసుకుని, చీకటి పడకముందే ఏకగ్రీవంగా మసేకోని జట్టులో ఉంచారు.

కళ్ళ డాక్టరు పోయిన చూపు రాదన్నాడు, ఉన్నది పోకుండా చుక్కల మందిచ్చాడు. ఆ చుక్కలు మసేకో కంట్లో కపెంబ్వాయే వేస్తాడు. లోంబే మేడమ్ బడి గోడలకీ, చర్చి తలుపులకీ కాగితాలు అంటించింది: చూపు తక్కువైనవాళ్ళకి శనివారం బౌల్స్ నేర్పుతాం, రండి. మొదటి వారం ఇద్దరొచ్చారు. వానాకాలం పోయేసరికి తొమ్మిదిమంది. ఒక్కొక్కరికీ ఒక్కో సభ్యుడు కళ్ళుగా నిలబడాలి, జాక్ ఎంత దూరమో, బంతి ఎటు పోయిందో చెప్పాలి. చింగోలా నుంచి ముబాంగా కూడా ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు.

చిక్కల్లా ఒక్కటే. అందరికీ కపెంబ్వాయే కావాలి. తక్కినవాళ్ళు "రెండు అడుగులు కుడి" అని ఊరుకుంటారు. కపెంబ్వా అయితే ఆ రెండు అడుగుల వెనక కథ కూడా చెబుతాడు. ఆకుకూరలమ్మే బానా చిటేకి పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. బంతి చేతికొచ్చి నాలుగు వారాలే అయినా, ఆవిడ అతన్ని వదిలేదే లేదని మొండికేసింది.

ఓ శనివారం బానా చిటే, వేరుసెనక్కాయలు పంచుతున్న బానా చోలాని అడిగింది. "మీ ఆయన్ని ఇంకో గంట ఉంచుకోవచ్చా అమ్మా?"

"చీకటి పడేదాకా ఉంచుకో అక్కా," అంది బానా చోలా, ఆవిడ దోసిట్లో ఇంకో గుప్పెడు కాయలు పోస్తూ. "నా పెళ్ళయి ముప్ఫై నాలుగేళ్ళు. మా ఇంట్లో పక్షులు కూడా కూస్తాయని నాకు మొన్న శనివారమే తెలిసింది."