నీళ్లలో నిలిచే ముద్ద

మట్టయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం ముందు వాచ్‌మన్. వారానికి ఆరు రోజులు, రోజుకు పన్నెండు గంటలు నిలబడే ఉద్యోగం. తలుపు తీసి తీసి భుజం, నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయిన మనిషి. ఆదివారం మాత్రం ఎవరి మాటా వినడు. గాలం పట్టుకుని ఎల్బీనగర్‌లో బస్సెక్కి, అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి చెరువుకు పోవాల్సిందే.

తన ఎర గురించి ఆయన చెప్పుకునే గొప్పలు వినాలంటే ఓపిక ఉండాలి. గోధుమపిండి, వేయించిన తవుడు, దంచిన పల్లిచెక్క. గంటసేపు నీళ్లలో ఉన్నా కరగదని, అదంతా తన పనితనమేనని పదేళ్లుగా గల్లీ అంతా చాటాడు. పాళ్లు ఆయనవే, నిజమే. పిసికేది మాత్రం భార్య ఈరమ్మ. ఆ సంగతి ఆ చాటింపులో ఎన్నడూ లేదు.

ఎండాకాలంలో ఈరమ్మకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడిచేయి మాత్రం ఒడిలో పడి ఉంటోంది. వేళ్లు ఆడించకపోతే అట్లాగే బిగుసుకుపోతాయని దవాఖానలో గట్టిగా చెప్పి, పిసకమని రబ్బరు బంతి ఇచ్చారు. ఆమె దాన్ని కిటికీలో పెట్టి మళ్లీ ముట్టలేదు. మట్టయ్య బతిమాలాడు, కసిరాడు, చివరికి విసిగిపోయాడు. డ్యూటీ దిగి వచ్చి, వంట చేసి, ఆమెకు జడ వేసేసరికి ఆయన ఒంట్లో సత్తువ ఉండేది కాదు.

ఎర కూడా ఆయన చేతికి లొంగలేదు. మూడు ఆదివారాలు ముద్ద నీళ్లలో పడగానే విడిపోయింది. నాలుగో శనివారం సిగ్గు విడిచి ఆమెనే అడిగాడు.

“దూది కలపాలె,” అంది ఈరమ్మ. “దీపం ఒత్తుల దూది పోగులు పోగులు పీకి, పిండిల కలిసిపోయేదాక పిసకాలె. నువ్వెప్పుడన్న సూస్తె గద.”

అట్లాగే చేసి గ్లాసు నీళ్లలో వేశాడు. పావుగంటైనా ముద్ద చెక్కుచెదరలేదు. సంబరంగా ఆమెకు చూపించాడు.

“ఇగ నాతోని ఏం పని,” అని గోడవైపు తిరిగి పడుకుంది. మట్టయ్య ప్రాణం ఉసూరుమంది.

తెల్లారి ఆమె లేవకముందే ఆ ముద్దను పారేశాడు. దూది లేకుండా కొత్త పిండి కలిపి గ్లాసులో వేసి, కలకబారిన నీళ్లను ఆమె ముందు పెట్టాడు.

“రాత్రిది సుత గిట్లనే ఇడిపోయింది. నాతోని అయితలేదు ఈరమ్మా.”

పదేళ్లు గొప్పలు పోయిన మనిషి ఈ చిన్న అబద్ధం చెప్పి, పిండి చేతులు తుడుచుకుంటూ తల దించుకున్నాడు.

ఈరమ్మ గ్లాసులోకి చూసింది. అడుగున పేరుకున్న పిండిలో ఒక్క దూదిపోగైనా లేదు. ఆమెకు అది కనపడకుండా ఉంటుందా? ఆయన వాచిన కాళ్ల వంక కాసేపు చూసింది.

“దూది ఇటియ్యి,” అంది.

ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పిండి గిన్నెలో పెట్టుకుంది. చివరి రెండు వేళ్లు కదల్లేదు. మిగతావి మెల్లగా పిండిలోకి దిగాయి. చాలాసేపు పట్టింది, ఇద్దరికీ చెమటలు పోశాయి.

ఆ ముద్ద నీళ్లలో సగం రాలిపోయి, సగం నిలిచింది. నిలిచిన సగాన్ని తడిగుడ్డలో చుట్టుకుని మట్టయ్య బస్సెక్కాడు.