ఎర్త్ బోల్టు కింది నల్లరంగు

మొన్న నారాయణగూడలో ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు ముందు నిలబడ్డాను. నా ఫోన్‌లో ఛార్జింగ్ పిన్ను పెట్టే చోట అతుకు ఊడిపోయిందట. లోపల కూర్చున్నాయన వేడెక్కిన సోల్డరింగ్ కడ్డీని పేస్టులో ముంచాడు. సన్నటి తెల్లపొగ లేచి ఘాటైన వాసన గొంతులో పట్టుకుంది. "పది నిమిషాలైతది అక్కా, కూసోండ్రి" అన్నాడాయన. నేను కూర్చోలేదు. ఆ వాసన తగిలితే నాకు నర్సింలు కాక గుర్తొస్తాడు. ఆయన గుర్తొస్తే సిగ్గుతో నా తల దానంతటదే వంగిపోతుంది.

నర్సింలు కాక చిక్కడపల్లిలో ఒక గల్లీ మలుపున, ఫుట్‌పాత్ మీద నీలం ప్లాస్టిక్ పట్టా కట్టుకుని బండ్ల కరెంటు పని చేసేవాడు. ఇంజిన్ ముట్టడు, టైరు ముట్టడు. వైర్లు, లైట్లు, హారన్లు, బ్యాటరీలు, అంతే. పాలమూరు వైపు పల్లె నుంచి ఇళ్లు కట్టే కూలిపనికి వచ్చి, తర్వాత ఈ పని నేర్చుకున్నాడు. నేనేమో అశోక్‌నగర్‌లో సర్కారు పరీక్షలకు చదివి చదివి, ఉద్యోగం రాక, అక్కడే ఒక కోచింగ్ సెంటర్లో సైన్సు చెప్పడానికి కుదురుకున్నదాన్ని. బాగ్ లింగంపల్లిలో మా ఇంటి ఓనరు మెట్ల కింద పడేసిన పాత మోటార్‌సైకిల్ ఒకటుండేది, వయసులో నాకంటే పెద్దది. అడిగి తీసుకుని ఇంజిన్ బాగుచేయించాను. ఆడపిల్లకు అదెందుకని నలుగురూ అన్నారు కాబట్టే తీసుకున్నానేమో. నా బుద్ధి అలాంటిది.

ఆ బండి మొదటిసారి ఆయన పట్టా ముందే ఆగింది. హారన్ లేదు, లైటు లేదు, కిక్కు కొడితే ఉలుకూ పలుకూ లేదు. "కాయిల్ కాలిపోయినట్టుంది" అన్నాను, ఫిజిక్సు చదివిన దర్పంతో. ఆయన తలెత్తి చూశాడు.

"చూసినవా, అనుకుంటున్నవా?"

"అనుకుంటున్నాను."

"అనుకునుడు బంద్ పెట్టి ఇది పట్టు." రెండు వైర్లు అతికించిన చిన్న బల్బు నా చేతిలో పెట్టాడు. "బ్యాటరీ కాడికెళ్లి మొదలువెట్టాలె. మధ్యల చొరబడొద్దు."

బల్బు బ్యాటరీ దగ్గర వెలిగింది. ఫ్యూజు దగ్గరా వెలిగింది. తాళం దాటగానే వెలగలేదు. తాళం వెనక వైరు తెగి ఉంది. దాన్ని అతికిస్తూ, పొగలోంచి కళ్లు చికిలించి, "దొరికింది గద బిడ్డా" అన్నాడు. ఆ రోజు నుంచి నేనాయనకు బిడ్డనే.

తర్వాత ఎన్నో ఆదివారాలు ఆయన పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను. ఆ పాత బండికి మొత్తం వైరింగు కొత్తగా వేశాడాయన. నేను వైర్లు అందిస్తూ అడ్డమైన ప్రశ్నలన్నీ అడిగేదాన్ని. ఒకసారి బ్యాటరీ నుంచి వచ్చే నల్లవైరును బండి ఇనుప చట్రానికి బిగిస్తూ ఆగి, ఆ బోల్టు చూపించాడు. "లైటు దాక కరెంటు పోతే అయిపోదు బిడ్డా. మల్ల బ్యాటరీకి రావాలె. బండి ఒళ్లంత వాపస్ వచ్చే తొవ్వనే. గీ ఎర్త్ బోల్టు పట్టకుంటే ఎంత మంచి వైరింగ్ చేసినా దండగ." నేను పుస్తకంలో చదివి, పిల్లలతో బట్టీ పట్టించిన సంగతే అది. ఇనుములో చూడటం మాత్రం అదే మొదలు. నా పాఠం అప్పటి నుంచి మారింది. ఎవరైనా గబుక్కున జవాబు చెబితే, "చూశావా, అనుకుంటున్నావా?" అని అడగడం అలవాటైంది. పిల్లలకు ఆ మాట నాదే అనుకునేంతగా అలవాటైంది. నేనూ కాదనలేదు.

మా కోచింగ్ సెంటర్ డైరెక్టరు గారికి పాత మోటార్‌సైకిళ్ల పిచ్చి. ఇంట్లో నాలుగు బండ్లు మూలనపడి ఉన్నాయి. వాటికి వైరింగు చేసే మనిషి కోసం వెతుకుతుంటే కాక పేరు చెప్పాను. మా సెంటర్ వెనకాల ఒక రేకుల షెడ్డు ఖాళీగా ఉండేది. పని నచ్చితే అక్కడే కూర్చుని చేసుకోమంటానన్నారు. వాన పడితే పని మానుకుని పట్టా కింద ముడుచుకునే మనిషికి అదెంత మాటో నాకు తెలుసు. "తలకాయ మీద రేకు ఉంటే చాలు బిడ్డా, ఇంకో పదేండ్లు చేస్త" అన్నాడు. డైరెక్టరు గారు ఒక్కటే షరతు పెట్టారు. ముందు నా బండి చూస్తారు, అది నచ్చితేనే మిగతాది.

ఆ చూపులకు బండి మెరిసిపోవాలని నాకు బుద్ధి పుట్టింది. సెలవుల చివర్లో ఎవరికీ చెప్పకుండా కాక వేసిన వైర్లన్నీ విప్పి, ఒక్కోదానికి చీటీ కట్టి, చట్రానికంతా నల్లరంగు వేశాను. రెండు పూతలు. ఆరాక చీటీలు చూసుకుంటూ అన్నీ తిరిగి బిగించాను. బండి లేచింది. నా అంత మొనగత్తె లేదనుకున్నాను. హారన్ నొక్కితే లైటు కొంచెం గుడ్డిదవుతోందని గమనించాను కూడా. బ్యాటరీ పాతది కదా అనుకున్నాను. చూడలేదు, అనుకున్నాను.

బిగించిన నాలుగో రోజు పొద్దున, డైరెక్టరు గారికి చూపిద్దామని అశోక్‌నగర్‌కు తీసుకొస్తే, సరిగ్గా మా సెంటర్ గేటు ముందు బండి చచ్చింది. డైరెక్టరు గారు మెట్ల మీదే ఉన్నారు. నా క్లాసు పిల్లలంతా చుట్టూ మూగారు. "వైరింగ్ అతనిదేగా?" అన్నారాయన. "అవును సార్" అన్నాను. విప్పి బిగించింది నేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. చెప్పలేదు.

ఫోన్ చేస్తే కాక నడుచుకుంటూ వచ్చాడు, చేతిలో ఆ బల్బే. బ్యాటరీ, ఫ్యూజు, తాళం, అన్నిచోట్లా బల్బు వెలిగింది. అప్పుడు బల్బు రెండో వైరును బ్యాటరీ మైనస్ నుంచి తీసి, చట్రానికి తాకించాడు. వెలగలేదు. ఎర్త్ బోల్టు విప్పాడు. దాని కింద, కరెంటును పోనివ్వకుండా, నా నల్లరంగు నిగనిగలాడుతోంది. బిగించినప్పుడు బోల్టు ఎక్కడో కొంచెం గీరుకుని నాలుగు రోజులు నడిచింది, కుదుపులకు ఆ కాస్తా పోయింది. కాక రంగు చూశాడు. నన్ను చూశాడు.

"బిడ్డా, ఇది..." అని ఆగాడు. నా కోసమే ఆగాడు. ముందురోజే ఆ పిల్లలకు సర్క్యూట్ బొమ్మ గీసి, వాపసు దారి లేకపోతే కరెంటు పారదని గొంతు చించుకున్నదాన్ని నేను. నేను పిల్లల వైపు తిరిగి, వెనక్కి జరగండని అదిలించాను.

"ఏమైందయ్యా?" అన్నారు డైరెక్టరు గారు.

కాక కత్తితో రంగు గీకి, బోల్టు బిగించి, హారన్ నొక్కాడు. వీధంతా మోగింది. "ఎర్త్ పట్టలే సార్."

"ఎవరు బిగించారు?"

"నేనే సార్. రంగు గీకుడు మర్సిపోయిన."

"కళ్లు ఆనుతున్నాయా పెద్దాయనా?" అన్నారు డైరెక్టరు గారు. పిల్లలు నవ్వారు. షెడ్డు మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు ఆయన పట్టా దగ్గరికి వెళ్లాను. "ఏం ప్రాబ్లం మేడం?" అన్నాడు. కోపంతో కాదు, వచ్చిన ప్రతి మనిషినీ అడిగినట్టే. బిడ్డా అనలేదు. "ఎందుకలా చెప్పావు కాకా?" అన్నాను. "పిల్లల ముందట పంతులమ్మ ఇజ్జత్ పోతే మల్ల క్లాసుల ఎట్ల నిలవడ్తరు?" అన్నాడు. "సార్‌కు నేను చెబుతాను" అన్నాను. "చెప్పుండ్రి మేడం. చెప్తే మంచిదే" అని చేతిలో పనిలో పడ్డాడు.

చెప్పే ఉద్దేశం నిజంగానే ఉంది. పరీక్షలు అయిపోనీ అనుకున్నాను. ఫలితాలు రానీ అనుకున్నాను. నాకు నేనే అసహ్యం పుట్టేంతగా వాయిదా వేశాను. ఆ వానాకాలం ఫుట్‌పాత్ పని మొదలై పట్టాలన్నీ తీసేశారు. కాక నంబరుకు చేస్తే స్విచాఫ్. ఊరికి పోయాడని పక్కన టీ కొట్టాయన చెప్పాడు. ఏ ఊరో ఆయనకు తెలియదు. అన్ని ఆదివారాలు పక్కన కూర్చున్న నాకూ తెలియదు, ఏనాడూ అడగలేదు. చాలా ఏళ్లకు, డైరెక్టరు గారు సెంటర్ అమ్మేసి వెళ్లిపోయే రోజున, గుండె దిటవు చేసుకుని అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "నర్సింలు ఎవరమ్మా?" అన్నారు.

ఇప్పుడు ప్రతి బ్యాచికీ కరెంటు పాఠంలో ఈ కథ చెబుతాను. నర్సింలు కాక పేరు చెబుతాను, నా పేరు చెప్పను. "ఒకావిడ ఉండేది, బాగా చదువుకున్నదే" అని మొదలుపెడతాను. రంగు దగ్గర పిల్లలు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఫోన్ బాగుచేయించుకుని క్లాసుకు వెళ్లిన ఆ రోజు కూడా అదే పాఠం. చివర్లో ఒకమ్మాయి లేచి నిలబడింది.

"కాక తప్పు మీదేసుకున్నప్పుడు ఆమె ఏమన్నది మేడం?"

"ఏమీ అనలేదమ్మా."

"గట్లెట్ల ఊకున్నది?"

నాకు తెలియదన్నాను. క్లాసు అయిపోయి అందరూ లేచారు. ఆ అమ్మాయి గుమ్మం దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆవిడ నేనేనమ్మా అనడానికి ఒక్క క్షణం పట్టేది. ఆ అమ్మాయి ఆ క్షణం నిలబడింది కూడా. నేను పుస్తకాలు సర్దుకుంటూ ఉండిపోయాను.